బండి కింది ఎండుకట్టెలు

నాకు భయం వేస్తే నోరు లేస్తుంది. ఏడవడం, వణకడం, దేవుడికి మొక్కుకోవడం నాకు అంతగా చేతకావు. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన దగ్గర నుంచి నేను పెట్టుకున్న తగువుల్లో సగం భయానికి పుట్టినవే. ఆ సంగతి మా ఆయనకు తెలియదు. ఆయన లెక్కలో నేను ఖమ్మంలో డిగ్రీ చదివి, ఆ చదువంతా తన లారీని తిట్టడానికి వాడుతున్న మనిషిని.

మా ఊరు బూర్గంపాడు దాటాక, ఇటు అడవి, అటు గోదావరి. ఇల్లు రోడ్డుకు బాగా ఎత్తులో ఉంటుంది. వాకిలి నుంచి రోడ్డు దాకా ఏటవాలు. రోడ్డు దాటితే వాగు. ఆ వాలు చూసే మా ఆయన ఆ జాగా కొన్నాడు. ఇల్లు కట్టుకునేవాళ్లు నీళ్లు పడతాయా, గాలి ఆడుతుందా అని చూస్తారు. ఈయన బండి దొర్లుతుందా అని చూశాడు. సెల్ఫ్ పనిచేయని లారీని పొద్దున్నే లేపాలంటే వాలు ఉండాలి మరి. కిందికి జారనిచ్చి, జారుతుండగా గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజను దగ్గి దగ్గి లేచేది. లేవకపోతే వాగే గతి అని నేను రోజూ అనేదాన్ని. ఆయన రోజూ నవ్వేవాడు.

లారీలు రెండు. ఒకటి నడిచేది, ఒకటి నడవనిది. నడవనిదాన్ని పాల్వంచలో పాత ఇనుము కింద తూకానికి వేయబోతుంటే అడ్డం పడి తెచ్చుకున్నాడు, నడిచేదానికి సామాను పీక్కోవచ్చని. దాని చక్రాలు విప్పి, ఇరుసుల కింద మొద్దులు పెట్టి పెరట్లో నిలబెట్టాడు. క్యాబిన్లో మా కోళ్లు పొదిగేవి. నడిచేది జామాయిల్ తోటలు కొట్టినప్పుడు కర్ర లోడుకు పోయేది. తిరిగి వచ్చేటప్పుడు తోటలో మిగిలిన కొమ్మలు, మోళ్లు అడిగి వేసుకొచ్చేవాడు. వాటిని మా అత్త గొడ్డలి పట్టుకుని పొయ్యిలోకి పట్టేట్టు చీల్చేది. ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది. దాని మీద వండిన అన్నం ఉడికినట్టుంటుంది కానీ వండినట్టుండదని ఆమె వాదన. ఆ ఇంట్లో నాతో వాదించి గెలిచింది ఆమె ఒక్కతే.

ఆ రోజుల్లో మా వైపు లారీ ఉన్న ఇంటికి భయాలు వెతుక్కోనక్కర్లేదు. అడవిలోంచి వచ్చినవాళ్లు బండి ఆపి ఎక్కితే కాదనలేం. ఎక్కించుకున్నావా అని మర్నాడు పోలీసులు అడిగితే అవుననలేం. ఫారెస్టు వాళ్లు కట్టెల అడుగున టేకు దుంగ ఉందేమోనని లోడంతా దింపించేవారు. ఆయన రావడం ఆలస్యమైతే నేను గడపలో కూర్చుని, రాగానే ఏమేం తిట్టాలో కూడబలుక్కునేదాన్ని. తిట్లు సిద్ధం చేస్తున్నంతసేపూ మనిషి వస్తాడన్న ధైర్యం ఉండేది.

ఇన్ని భయాల్లో ఇంటి ముందు నిలబడ్డ బండి గురించి భయపడాలని ఎవరికీ తోచదు. నాకు తోచింది. దాని హ్యాండ్ బ్రేకు పేరుకే ఉండేది. ఇంటి దగ్గర ఆపితే గేరులో వదిలి, ఇంటివైపు వెనక చక్రం ముందు ఒక దిమ్మ అడ్డం పెట్టేవాడు. మద్దికర్రతో తనే చెక్కుకున్న దిమ్మ. చక్రానికి ఆనే వైపు ఏటవాలుగా ఉండి, రెండోవైపు లాక్కోవడానికి వంచిన ఇనపకడ్డీ దిగ్గొట్టి ఉండేది. రెండు చక్రాలకూ పెట్టమని నేను, ఒక్కటి చాలని ఆయన. బండిని పట్టుకునేది గేరేననీ, దిమ్మ ఉత్తగా తోడుకనీ నాకు పాఠం చెప్పాడు.

ఆ ఏడు వానలు పట్టుకుని వదల్లేదు. గోదావరి పొంగింది, భద్రాచలం పోయే దారిలో అక్కడక్కడ నీళ్లెక్కాయని బస్సులు ఆపేశారు. లోడ్లు లేవు. క్లీనరు వాళ్ల ఊరికి పోయాడు. బండి రోడ్డుకేసి ముక్కు పెట్టుకుని వాలు మీద నిలబడిపోయింది.

వానాకాలంలో ఎండుకట్టె బంగారం. అందరూ ట్రాక్టరు ట్రాలీల కింద, ఎడ్లబళ్ల కింద దాచుకునేవాళ్లు. మాకు లారీ ఉండడంలో నేను ఒప్పుకున్న సుఖం అదొక్కటే: లారీ కింద నేల తడవదు. చచ్చిన లారీ కింద కట్టెలు నిండిపోగా మిగిలినవి నడిచే లారీ కిందికి, ఇంటివైపు నుంచి తోశాం. వెనక చక్రం చుట్టూ గుట్ట అయింది. దిమ్మ ఆ గుట్టలో మునిగిపోయింది.

ఒకరోజు పొద్దు కాస్త ఎక్కాక వాన తెరిపిచ్చింది. ఖాళీగా కూర్చోలేని మనిషి కదా, షాఫ్ట్ మారుస్తానని పానాలు ముందు వేసుకున్నాడు. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు అందించే పొడుగాటి ఇనపగొట్టం అది. దాని కీలు అరిగి, గేరు వేసినప్పుడల్లా బండి కింద టక్కుమంటోందట. చచ్చినదాని షాఫ్ట్ విప్పి తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. షాఫ్ట్ విప్పితే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. అప్పుడు గేరులో ఉన్నా లేనట్టే. బండిని ఆపేది దిమ్మ ఒక్కటే. ఇదంతా నాకెట్లా తెలుసంటే, ఆయనతో వాదించాలంటే బండి సంగతులు నేర్చుకోక తప్పలేదు.

అందుకే అడిగాను. "దిమ్మ చూసుకున్నవా?"

"ఉన్నది. అదేమన్న నడిచి పోతదా?" అన్నాడు.

ఇంటివైపు కట్టెలు అడ్డం ఉన్నాయని అవతలి వైపు నుంచి దూరాడు. కింద గోనెసంచులు పరుచుకున్నాడు. నడుము దాకా బండి కింద, కాళ్లు బయట, అటు వెనక చక్రానికి జానెడు ముందు. ఇంకో మాట అనబోయాను. చాయ్ పెట్టుకురమ్మని కింద నుంచే చెప్పాడు.

వంటిల్లు పెరటివైపు పాకలో. పొగ నిండి ఉంది. మా అత్త పొయ్యి ముందు పీట వేసుకుని గొట్టంతో ఊదుతోంది. ఆమె రెండు కళ్లలోనూ శుక్లాలు. వానలు తగ్గాక ఖమ్మం తీసుకుపోయి ఆపరేషన్ చేయించాలని అనుకుంటున్నాం. నేను గిన్నె దించడానికి వంగాను. పొయ్యిలో పెద్ద మొద్దు ఒకటి సగం లోపల, సగం బయట. మంచి ఎర్రగా రగులుతోంది. మొద్దు లోపలి కొసన నిప్పుల మధ్య ఒక వంకర కడ్డీ, అది కూడా ఎర్రగా.

దాన్ని చూస్తూ కొంచెంసేపు అట్లాగే వంగి ఉండిపోయాను. పొయ్యిలో ఇనుమెందుకుంది అన్నదొక్కటే బుర్రలో తిరిగింది. కర్రలో ఇనుము ఎట్లా మొలిచింది అని.

"అత్తమ్మా, ఈ మొద్దు ఎక్కడిది?"

"బండి కిందిదే బిడ్డా. అన్నీ చెమ్మగున్నయ్, గిదొక్కటే ఎండుగున్నది. మబ్బుల తీసిన. గట్టిగ ఇరుక్కున్నది, గొడ్డలి మడమతోని రెండు దెబ్బలేస్తె ఊడొచ్చింది."

మంచి కట్టె దొరికిందన్న సంతోషం ఆమె గొంతులో. తెల్లవారుజాము చీకట్లో చేత్తో తడుముకుని తీసి ఉంటుంది. గేరు పట్టుకుని ఉంది కాబట్టి బండి కదల్లేదు. ఇప్పుడు ఆ గేరు పట్టునే కొడుకు కింద పడుకుని విప్పుతున్నాడు.

పరుగెత్తాను. వాకిట్లో బురదలో మోకాళ్ల మీద పడ్డాను, లేచాను. బోల్టు మీద పానా తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. చప్పుడు వినిపిస్తున్నంతసేపూ బోల్టు ఉన్నట్టే కదా అనుకుంటూ పరుగెత్తాను. బండి దగ్గరికి వచ్చేసరికి ఆ చప్పుడు ఆగింది.

"బయటికి రా. దిమ్మ లేదు," అన్నాను.

"అవ్. నీ నోరున్నది గద, దాన్ని అడ్డం పెట్టు."

"నిజంగ లేదు. పొయ్యిల కాలుతున్నది."

"అబద్ధమన్న జెర నమ్మేటట్టు చెప్పు."

నవ్వుతున్నాడు. నవ్వుతూనే సుత్తి అందుకున్నాడు. బోల్టులన్నీ తీసి, ఇక కీలు విడదీయడానికి షాఫ్ట్ మీద కొడుతున్నాడు. ఒక దెబ్బ. దాంతో బండి అంతా సన్నగా అదిరింది. తుప్పు రాలి ఆయన పొట్ట మీద పడడం నాకు కనిపించింది.

ఇన్నేళ్లుగా లేనిపోని ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టిన నోరు నాది. వాగులో పడతావన్నాను, టైరు పగులుతుందన్నాను, అడవిలో ఆపేస్తారన్నాను. ఇప్పుడు అసలుది వచ్చింది, చెప్పడానికి నా దగ్గర కొత్త గొంతు లేదు. అదే గొంతుతో ఇంకా గట్టిగా అరిస్తే ఇంకా గట్టిగా నవ్వుతాడు. చక్రం ముందు పెట్టడానికి అటు వైపు రాయి లేదు, మొద్దు లేదు. తెచ్చే వ్యవధి ఉందో లేదో తెలియదు.

వంగి ఆయన రెండు మడమలూ పట్టుకుని లాగాను.

బరువైన మనిషి. మొదటి లాగుకు కదల్లేదు. పిచ్చి లేసిందా అని అరిచి ఒక కాలు విదిలించాడు, అది నా మోచేతికి తగిలింది. నేను వదల్లేదు. మడమ బురదలో తన్ని పెట్టి వెనక్కి పడ్డాను. అడుగున తడి గోనె జారింది. ఆ జారుడుకు ఆయన నడుము, వీపు, చివరికి తల, బండి అంచుకు నుదురు గీరుకుంటూ బయటికి వచ్చాయి. లేచి నిలబడ్డాడు. నుదుటి మీద నెత్తురు, చేతిలో సుత్తి, కళ్లలో నేను ఎన్నడూ చూడని కోపం. ఆ క్షణం నాకు ఆయనంటే కూడా భయం వేసింది.

తిట్టడానికి నోరు తెరిచాడు. ఆయన వెనక బండి గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేసింది. షాఫ్ట్ కొస దభీమని నేల మీద పడింది. వెనక చక్రం కదిలింది.

అంత పెద్ద బండి అంత మెల్లగా కదులుతుందని నేననుకోలేదు. ఇంజను చప్పుడు లేదు. కిర్రుమని చెక్కలు, కిందపడ్డ షాఫ్ట్ నేలను గీస్తున్న మోత, అంతే. చక్రం గోనెసంచుల మీదుగా, ఆయన కాళ్లు ఉన్న చోటు మీదుగా పోయింది. ఇంటివైపు కట్టెలు పటపట విరిగాయి. తడిక తోసుకుని రోడ్డెక్కింది. రోడ్డు మీద ఎవరైనా ఉన్నారేమో చూడాలని ఉంది, తల తిప్పలేకపోయాను. ఎవరూ లేరు. అవతలి పక్క కాలవలో ముందు చక్రాలు దిగబడి, వాగుకు అల్లంత దూరంలో ఆగింది.

మేమిద్దరం ఉన్నచోటనే ఉన్నాం. ఆయన చేతిలో సుత్తి అట్లాగే ఉంది.

పాకలోంచి మా అత్త గోడ పట్టుకుంటూ వాకిట్లోకి వచ్చింది. బండి పోయిన చప్పుడు విన్నది కానీ, నాలుగడుగుల దూరంలో నిలబడ్డ కొడుకు ఆమెకు ఆనలేదు.

"గీ వానల యాడికి పోతుండు వాడు? చాయ్ తాగి పోరాదా?" అని అడిగింది నన్ను.

నేను అక్కడే బురదలో కూలబడ్డాను.

"ఈడనే ఉన్ననే అమ్మా," అన్నాడు.

"మరి బండి ఎవలు తోల్తుండ్రు?"

ఆయన పాకలోకి పోయాడు. కొంచెంసేపటికి నీళ్లు పోసిన చప్పుడు, సుయ్యిమని ఆవిరి లేచిన చప్పుడు వినిపించాయి. బయటికి వచ్చాక నా పక్కన చతికిలబడి, నాకు మాత్రమే వినిపించేట్టు అన్నాడు.

"అమ్మకు చెప్పకే."

చెప్పననన్నాను. చెప్పలేదు. మంచి ఎండుమొద్దును సగం కాలకుండానే ఎవరు ఆర్పిపారేశారని ఆమె ఆ సాయంత్రం దాకా సాధించింది. కట్టె విలువ తెలియని కోడలు దొరికిందన్నది. నేను తల వంచుకుని చాటలో బియ్యం చెరిగాను. ఆమెకు అది నచ్చలేదు. ఒంట్లో బాగుందా అని నుదురు పట్టి చూసింది. నిజంగానే ఆ రాత్రికి జ్వరం తగిలింది నాకు.

వాన వెలిశాక ట్రాక్టరు పెట్టి బండిని లాగించారు. అమ్మేయమని అంతకుముందు పోరుపెట్టినదాన్ని, మళ్లీ అడగలేదు. అడగాలని నోటిదాకా వచ్చేది, మాట బదులు ఆ జారిన గోనెసంచి కళ్ల ముందుకొచ్చేది. ఆయన కూడా అమ్మలేదు. అది తప్ప ఆయనకు తెలిసిన బతుకు లేదు.

కానీ ఆ తర్వాత నేను పక్కన లేకుండా ఆయన బండి కిందికి దూరలేదు. చండ్రుగొండలో మా వాళ్లింటికి పోయి నేను రెండు రోజులుంటే, పని ఎంత తొందరదైనా ఆపుకుని కూర్చునేవాడు. నేను వచ్చి, వెనక రెండు చక్రాలకూ దిమ్మలున్నాయో లేదో చుట్టి చూసి, వెనక చక్రం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటే అప్పుడు దూరేవాడు. కింద ఉన్నంతసేపూ ఉండుండి అడిగేవాడు.

"ఉన్నవా?"

"ఉన్న."

ఎండలో కూర్చోబెట్టాడని, వంట ఆగిపోయిందని, ఇది బండా పెండ్లామా అని నాకు అనడానికి వంద ఉండేవి. ఒక్కటీ వచ్చేది కాదు. ఆయన కాళ్లను చూస్తూ, చక్రం మీద చెయ్యి వేసి కూర్చునేదాన్ని, ఆ చెయ్యి లారీని ఆపుతుందన్నట్టు. బండి రేకు మీద వాన పడి నా జవాబు వినిపించకపోతే పానా ఆగిపోయేది. నేను మళ్లీ చెప్పేదాకా ఆయన బోల్టు తిప్పేవాడు కాదు.