కుట్టుడూ ఆమే, కొట్టుడూ ఆమే

ఒక్క బంతి కూడా బ్యాటుకు తగలని ఆటలో ఒక మనిషి ఎంత ఘోరంగా దెబ్బ తినవచ్చో తెలుసుకోవాలని మీకు ఎప్పుడైనా అనిపిస్తే, ఇది చదవండి. దెబ్బ తిన్న మనిషిని నేనే. ఆడింది మాత్రం నేను కాదు. నేను రాశాను, అంతే.

అప్పటికి నేను విలేకరిగా చేరి రెండు నెలలు. కొడకండ్ల వైపు ఒక ఊళ్లో ఉండేవాణ్ని. ఊరి పేరు రాయను. రాస్తే అక్కడ ఇంకా నాకు పోస్తున్న చాయ్ కూడా బంద్ అవుతుంది. మెడలో పేపరు వాళ్లిచ్చిన కార్డు వేలాడేది. స్నానానికి తప్ప దాన్ని తీసేవాణ్ని కాదు, చలికాలంలో అదీ తక్కువే. అలాంటి కార్డుకు ఎసరు పెడుతూ జనగామ నుంచి మా ఇన్‌చార్జి యాదగిరి సార్ ఫోన్ చేశాడు.

"రెండు నెలల సంది నువ్వు పంపినయి ఏంది? మూడు బర్రెలు తప్పిపోయినయి. తర్వాత రెండు దొరికినయి. మూడోది ఏమైందో కూడ రాయకపోతివి."

"అది ఇంకా దొరకలే సార్."

"నాకు బర్రె వద్దు. ఈ వారంల జిల్లా పేజీకి ఒక్క మంచి కథనం పంపు. లేకుంటే కార్డు తెచ్చి నా బల్ల మీద పెట్టు."

నాలుగు రోజులు ఊరంతా తిరిగాను. ఎవరూ ఏమీ సాధించలేదు. ఐదో రోజు ప్యాంటు కింద కుట్టు ఊడిపోతే బస్టాండు పక్కన రజితక్క టైలరింగ్ షాపుకు వెళ్లాను. ఆమె తనలో తానే గొణుక్కుంటోంది.

"గా రెండు బంతులు ఇడిచిపెట్టి ఉంటే ఇరవై ఐదయ్యేటియి. ఇరవై మూడు కాడనే ఆగిపాయె."

"ఏం బంతులక్కా?" అన్నాను.

"బేస్‌బాల్ తమ్మీ. ఇయ్యాల ఇరవై మూడు హోమ్ రన్లు కొట్టిన."

నన్ను చూడగానే ఆమె చేతిలోని ఫోన్‌ను కుట్టుమిషన్ మీద బోర్లా పెట్టింది. మంచి విలేకరి ఆ ఫోన్‌ను గమనించేవాడు. నేను నోటుబుక్కు తీశాను.

"ఎక్కడ ఆడుతవక్కా?"

"గిక్కడనే. గిరాకీ లేనప్పుడు."

షాపు వెనక బస్సులు తిరిగే ఖాళీ జాగా ఉంది. అదే మైదానమని నిర్ణయించేశాను.

"ఎవరు నేర్పిండ్రు?"

"ఎవరు నేర్పుతరు తమ్మీ? చూసుకుంట చూసుకుంట నేర్చుకున్న."

"పోటీలు ఎవరితోని?"

"ఎవలు దొరికితే వాళ్లతోని. జపానోళ్లు దొరుకుతరు, అమెరికోళ్లు దొరుకుతరు. నిన్న కొరియాది ఒకామె దొరికింది. ఆగమాగం చేసి పంపిన."

కొరియా ఆమె మా ఊరికి ఏ బస్సులో వచ్చిందని నేను అడగలేదు. 'అంతర్జాతీయ క్రీడాకారిణులను మట్టి కరిపించారు' అని రాసుకున్నాను.

"ఇంట్ల ఏమంటరక్కా?"

"మా అత్త తిడతది. చార్జింగ్ అయిపోయేదాక ఇడువవు గదా అంటది."

'ఒంట్లో శక్తి ఉన్నంతసేపూ ఆడతారని ఆమె అత్త చమత్కరించారు' అని రాసుకున్నాను. చమత్కారం ఎవరిదో మీకు అర్థమయ్యే ఉంటుంది.

"దెబ్బలు తాకుతయా?"

"బొటనవేళ్లు గుంజుతయి."

"బ్యాట్లు ఉన్నయా?"

"మస్తున్నయి. మొన్న బంగారుదొకటి గెల్సిన."

చూపించమని అడగబోతుండగా ఎవరో జాకెట్టు కొలతలకు వచ్చారు. గుడ్డలు కొలిచే కట్టెను భుజం మీద పెట్టుకోమని రజితక్కకు చెప్పి ఫొటో తీశాను.

"గిదెందుకు తమ్మీ?"

"పేపర్ల ఎయ్యడానికక్కా."

మా దగ్గర ఈ ఒక్క మాట చాలు. పేపరుకని చెబితే మనుషులు చెట్టు కూడా ఎక్కుతారు.

ఆదివారం జిల్లా పేజీలో సగం నాదే. పైన పెద్ద అక్షరాలతో 'కుట్టుడూ ఆమే.. కొట్టుడూ ఆమే!' కింద రజితక్క కొలత కట్టెతో. పక్కన ఒక చిన్న బాక్సు: 'హోమ్ రన్ అంటే?' అని. సొంత ఊళ్లో తీసిన పరుగును హోమ్ రన్ అంటారనీ, పక్క ఊళ్లో తీస్తే అది మామూలు పరుగేననీ నేనే వివరించాను. బంతిని మైదానం అవతలికి కొట్టడమే హోమ్ రన్ అని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పేరులోనే ఉంది కదా. డెస్కు వాళ్లకూ అలాగే అనిపించినట్టుంది, ఒక్క అక్షరం మార్చలేదు.

యాదగిరి సార్ ఫోన్ చేసి, "గిట్ల రాయాలె" అన్నాడు. మహబూబాబాద్ నుంచి ఒకాయన అభినందించాడు. భూపాలపల్లి నుంచి ఇంకొకాయన ఫోన్ చేసి, ఆమెది కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా అని అడిగాడు. రెండు బొటనవేళ్ల వాటమని నాకు అప్పటికి తెలియదు.

సర్పంచ్ పద్మక్క రజితక్క దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది. మూడేళ్లుగా తన కొలతలు తీసుకుంటున్న చేయి కొరియాను ఓడించిందని తెలిసి ఆమె పొంగిపోయింది. గురువారం బడిలో జరిగే ఆటల పోటీలను రజితక్క ఒక హోమ్ రన్ కొట్టి మొదలుపెట్టాలని స్వయంగా వెళ్లి చెప్పి వచ్చింది. యాదగిరి సార్ కూడా వస్తానన్నాడు.

ఆ సాయంత్రం రజితక్క నన్ను షాపుకు పిలిపించింది.

"ఫొటో మంచిగొచ్చింది తమ్మీ. గని 'మైదానంలో చిరుతలా దూకుతారు' ఏంది? నేనేడ దూకిన?"

"రాసే పద్ధతి అట్ల ఉంటదక్కా."

"మైదానం ఏడున్నది?"

"షాపు ఎనుక..."

ఆమె ఫోన్ తిప్పి నా ముందు పెట్టింది. తెర మీద పచ్చటి గడ్డి. మధ్యలో ఒక బొమ్మ మనిషి బంగారు బ్యాటు పట్టుకుని అటూ ఇటూ ఊగుతూ నన్నే చూస్తున్నాడు. నా గురించి అతనికి పూర్తిగా తెలిసినట్టే ఉంది.

"గిదీ మైదానం," అంది రజితక్క. "ఇప్పుడు పోయి నిజం రాయి."

"నిజం రాస్తే నా కార్డు పోతదక్కా."

"గ్రౌండ్ల నిలబడితే నా ఇజ్జత్ పోతది గదా! పదో తరగతి సంది నేను ఏ ఆటా ఆడలే. సర్పంచ్ అక్క మొఖం చూసి కాదనలేకపోయిన."

నేను బతిమాలాను. ఒక్క బంతి, ఒకే ఒక్క బంతి అన్నాను. ఫోన్‌లో ఇరవై మూడు కొట్టే మనిషికి బయట ఒకటి కొట్టడం ఎంత పని అన్నాను. ఆమె నన్ను చాలాసేపు చూసింది. నూలు తక్కువ, గంజి ఎక్కువ ఉన్న గుడ్డను చూసినట్టు చూసింది.

"హోమ్ రన్లు ఎట్ల పడతయో తెలుసా నీకు?"

"జోరుగ కొడితే."

"అందరు గట్లనే అనుకుంటరు. మొదట్ల నేను గూడ వచ్చిన ప్రతి బంతినీ కొట్టిన. రోజుకు రెండు గూడ పడకపోతుండె. తెర మీద గళ్ల డబ్బా ఒకటి ఉంటది తమ్మీ. బంతి డబ్బాలకొస్తేనే కొట్టాలె. బయటికి పోయేదాన్ని ఎంత ఆశ పెట్టినా ఇడిచిపెట్టాలె. ఇడిచిపెట్టుడు నేర్చినంకనే నాకు ఇరవై దాటినయి." ఫోన్‌ను మళ్లీ బోర్లా పెట్టింది. "నీకు గదే రాదు. చెవుల పడ్డదల్లా రాస్తవ్."

నేను తల వంచుకున్నాను. తల వంచుకుంటే కార్డు కనిపించింది.

"సరే, వస్త," అంది చివరికి. "గని బంతి నువ్వే ఎయ్యాలె. రాసినోనివి నువ్వే గదా."

గురువారం బడి ఆవరణ నిండిపోయింది. వేదిక మీద పద్మక్క, ఆమె పక్కన యాదగిరి సార్. వ్యాయామం చెప్పే వెంకన్న సార్ గది మూలలోంచి ఒక గోనెసంచి మోసుకొచ్చాడు. ఎప్పుడో పైనుంచి పంపిన బేస్‌బాల్ సామాను అది. అప్పటిదాకా దాంతో ఎవరూ ఆడలేదు. బ్యాటు, బంతి, వాటితోపాటు నిబంధనల పుస్తకం ఒకటి ఉన్నాయి. మిగతావి అలా పడి ఉన్నా, పుస్తకాన్ని మాత్రం వెంకన్న సార్ కంఠస్థం చేశాడట. ఏనాడూ ఆట చూడలేదు. ఆ నిబంధనలు ఎవరిమీద ప్రయోగించాలా అని ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనిషి. మైకు పట్టుకుని రజితక్క వెనక నిలబడ్డాడు.

నేను మొదటి బంతి వేశాను. అది రజితక్క తల మీదుగా పోయి గోడకు తగిలింది. ఆమె కదల్లేదు.

"ఒకటి!" అన్నాడు వెంకన్న సార్ మైకులో.

రెండోది నా కాళ్ల దగ్గరే పడి, దొర్లి, సగం దూరంలో ఆగిపోయింది. ఆమె దాన్ని సానుభూతితో చూసింది.

"రెండు!"

"కొట్టదేందే?" అని వెనక ఎవరో అంటే, "చూస్తున్నదిరా, పెద్ద ప్లేయర్లు గట్లనే చూస్తరు" అని ఇంకెవరో సర్దిచెప్పారు.

మూడో బంతి ఆమె వీపు వెనక నుంచి పోయింది. అలా వేయడం ఎలా సాధ్యమైందో నేను ఇప్పటికీ చెప్పలేను. నాలుగోది వేదిక ఎక్కి యాదగిరి సార్ ఒళ్లో కూర్చుంది. ఆయన దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, నన్ను చూశాడు.

వెంకన్న సార్ సంతోషంతో మైకును రెండు చేతులా పట్టుకున్నాడు.

"నాలుగు బంతులూ తప్పు బంతులే! నిబంధనల ప్రకారం బ్యాటర్ కొట్టవలసిన అవసరం లేదు! గౌరవంగా నడిచి ముందుకు వెళ్లవచ్చు!"

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత చప్పట్లు.

"కొట్టకుండనే గెల్సిందిరా!"

"గందుకే కొరియామె ఆగమైంది!"

రజితక్క బ్యాటును నేలమీద పెట్టి, కొంగు సర్దుకుని, నడిచింది. సున్నంతో గీసిన మొదటి గడి దాటింది. గేటు దాటింది. ఆగలేదు.

"అమ్మా, అక్కడ ఆగాలె! మొదటి బేస్ అది!" అని వెంకన్న సార్ మైకుతో సహా పరుగెత్తాడు. వైరు ఉన్నంత దూరం పరుగెత్తాడు.

"జాకెట్లున్నయి సార్! సాయంత్రానికి ఇయ్యాలె!" అని రోడ్డు మీద నుంచి సమాధానం వచ్చింది.

యాదగిరి సార్ రెండో కథనం తానే రాద్దామని ఆమె షాపుకు వెళ్లాడు. పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. ముఖంలో ఏమీ లేదు.

"నువ్వు రాసిన మైదానం చూసిన," అన్నాడు. "చార్జింగ్ పెట్టిందామె."

చెయ్యి చాచాడు. నేను కార్డు తీసిచ్చాను. ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు.

"సవరణ రాయి. రెండు లైన్లు. ఒక్క తప్పు లేకుంటే కార్డు వాపస్."

ఒక రోజంతా కూర్చున్నాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏదీ రాయలేదు. 'ఆదివారం ప్రచురితమైన "కుట్టుడూ ఆమే.. కొట్టుడూ ఆమే!" కథనంలో మైదానం అని ఉన్న ప్రతిచోటా సెల్‌ఫోన్ అని చదువుకోగలరు.' యాదగిరి సార్ మూడుసార్లు చదివాడు. తప్పు దొరకలేదు. కార్డు ఇచ్చేశాడు.

మా పాఠకులు మాట వినేవాళ్లు. చదువుకోగలరు అంటే చదువుకున్నారు. సవరణ వచ్చిన పొద్దున హోటల్లో ఒకాయన పాత పేపరు తెరిచి, కొత్త పేపరు పక్కన పెట్టుకుని, గట్టిగా చదవసాగాడు.

"'తెల్లారకముందే సెల్‌ఫోన్ చుట్టూ పది రౌండ్లు పరుగెత్తుతారు.'"

"ఏ ఫోన్రా అంత పెద్దది?"

"ఇను. 'సెల్‌ఫోన్‌లో రాళ్లురప్పలు ఉన్నా ఆమె వెనకాడరు.'"

ఇక్కడితో ఆగినా నేను బతికేవాణ్ని. కానీ కథనం చివర్లో, అన్ని కథనాల చివర్లో రాసినట్టే, ప్రభుత్వానికి నేనొక విన్నపం చేసి, అడక్కుండానే సర్పంచ్ పేరిట ఒక హామీ కూడా ఇచ్చి ఉన్నాను. ఆయన దాన్ని కూడా చదివాడు.

"'గ్రామానికి వెంటనే సెల్‌ఫోన్ మంజూరు చేయాలని ప్రజలు కోరుతున్నారు. సెల్‌ఫోన్ ఇస్తామని సర్పంచ్ హామీ ఇచ్చారు.'"

హోటల్లో చాయ్ గ్లాసులు కింద పెట్టిన చప్పుడు నాకు బాగా గుర్తుంది.

పదకొండు గంటలకల్లా పంచాయతీ ఆఫీసు ముందు లైను కట్టారు. చేతుల్లో ఆధార్ జిరాక్సులు. ఇంటికి ఒకటా, మనిషికి ఒకటా అని తగువు. ఒక అవ్వ నా కార్డు పట్టుకుని గుంజి, "బిడ్డా, నాకు బటన్లదే రాసుకో, గీకేది చాతకాదు" అంది. రజితక్క కుట్టుమిషన్ ఆపి గడపలో నిలబడి ఆ లైనును మొదటి నుంచి చివరిదాకా చూసింది. తర్వాత నా వైపు చూసి, రెండు బొటనవేళ్లూ పైకెత్తి చూపించింది.

యాదగిరి సార్ ఫోన్ చేశాడు. ఆయన అడక్కముందే అన్నాను, "కార్డు తెచ్చిస్త సార్."

"వద్దు."

"ఇంకో సవరణ రాస్త సార్. మంజూరు అనే మాట దగ్గర..."

"నీకు దండం పెడత," అన్నాడాయన. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. "కార్డు ఉంచుకో. బర్రెల వార్తలు రాసుకో. సవరణ మాత్రం రాయకు."

అలా నా ఉద్యోగం నిలబడింది.

అప్పటినుంచి ఎవరు ఏం సాధించామని చెప్పినా నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. మొన్న భూపాలపల్లి అడవి వైపు నుంచి ఒకతను ఫోన్ చేసి, "అన్నా, పెద్దపులి వచ్చింది!" అన్నాడు. "ఫోన్లనా, బయటనా?" అన్నాను. అతను ఫోన్ పెట్టేశాడు. తొందరలో ఉన్నట్టున్నాడు.

కాబట్టి పాఠకుల సమక్షంలో ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు ఎవరు ఏం కొట్టినా, ఎన్ని కొట్టినా, ఎక్కడ కొట్టారో నా కళ్లతో చూడనిదే రాయను. ఏ ఆటకూ అర్థం చెప్పను. ఏ బంతీ వేయను. ఈ ప్రమాణంలో ఎక్కడైనా తప్పు దొర్లితే, దయచేసి ఆ తప్పుతోనే చదువుకోగలరు.