మల్లేశ్ విత్తిన గోధుమ చేను

2023 శరదృతువు. కేంబ్రిడ్జ్‌కు ఉత్తరాన, ఈలీ వైపు వెళ్లే దారిలో ఉన్న పల్లపు నల్లమట్టి పొలాలకు ట్రాక్టర్లు అమ్మి, సర్వీసు చేసే ఒక డీలర్ దగ్గర నేను సర్వీస్ టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. ఉదయం వ్యాన్‌లో లాప్‌టాప్, ప్రెషర్ గేజ్‌లు వేసుకుని బయలుదేరితే ఏ పొలం గట్టున తేలతానో నాకే తెలియదు.

ఆ రోజు పీటర్ అనే రైతు ఫోన్ చేశాడు. అరవై దాటిన మనిషి, మా దగ్గర పాత కస్టమర్. "వెనక హిచ్ మాట వినడం లేదు. డ్రిల్ ఎక్కడ పడితే అక్కడ లోతుకు పోతోంది" అన్నాడు. హిచ్ అంటే ట్రాక్టర్ వెనక పనిముట్లు తగిలించే మూడు చేతుల అమరిక. డ్రిల్ అంటే విత్తనాలు వేసే యంత్రం. పీటర్ దగ్గర ఉన్నది మట్టిని గుల్ల చేసి, వెనక రోలర్‌తో అదిమి, ఆ వెంటనే విత్తనం వేసే పెద్ద డ్రిల్.

నేను వెళ్లేసరికి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ముందు రోడ్డు పక్క చేను చూపించాడు. గోధుమ మొలిచింది కానీ, మాసికలు వేసిన దుప్పటిలా మధ్య మధ్య నల్లగా ఖాళీలు.

"ఇది మా డ్రైవర్ పని. ఇండియా నుంచి వచ్చాడు. మంచివాడే, కానీ ఇలాంటి మెషిన్లు అతనికి కొత్త. అందుకే అతన్ని ట్రాక్టర్ మీంచి దింపేసి యార్డ్ పనిలో పెట్టాను. నిన్న ఆ వెనక చేను నేనే విత్తడం మొదలుపెట్టాను. ఇప్పుడు మెషిన్ కూడా పాడైంది."

"మీరు విత్తినప్పుడూ ఇలాగే లోతుకు పోతోందా?" అని అడిగాను.

"అవును, అచ్చం ఇలాగే" అన్నాడు. ఆ మాట తన నోటితో తనే అన్నాక కూడా అతనికి ఏమీ తట్టలేదు. నేనూ అప్పుడు రెట్టించలేదు. చూడకుండా ఏం చెప్పగలను?

ట్రాక్టర్ యార్డ్‌లో ఉంది. పక్కనే ఒకతను బంగాళాదుంపల పెట్టెల్ని ప్రెషర్ వాషర్‌తో కడుగుతున్నాడు. నా చొక్కా మీద కుట్టిన పేరు చూసి నీళ్లు ఆపాడు.

"తెలుగోళ్లా మేడం?"

అవునన్నాను. మాది అనంతపురం అని చెప్పాను. అతని పేరు మల్లేశ్, జగిత్యాల దగ్గరి మనిషి. భార్య రజిత కేంబ్రిడ్జ్‌లో ఆసుపత్రి నర్సు. ఆమె ఉద్యోగం మీదే కుటుంబం ఇక్కడికి వచ్చింది. ఊళ్లో పదిహేనో ఏట నుంచి ట్రాక్టర్ నడిపినవాడు కావడంతో పీటర్ దగ్గర పని దొరికింది.

"ఆ చేను చూసినవా చెల్లె?" గొంతు తగ్గించి అడిగాడు.

"చూశానన్నా."

"నేనే కరాబు చేసిన. రోడ్డు పక్కనే ఉండె. వచ్చేటోళ్లు పోయేటోళ్లు అందరు చూస్తున్నరు. బస్సుల పోతే అటు దిక్కు కూసుంట లేను నేను."

"నడిపేటప్పుడు ఏమైనా తేడా అనిపించిందా?"

వాషర్ గొట్టం కింద పెట్టాడు. తర్వాత అన్నాడు, "అనిపించింది. వెనక టైర్లు జారుతున్నయ్. బండి వెనక తేలికైనట్టు ఉండె. కానీ ఏమని అడగాలె? ఇంత కూడా తెల్వదా అంటరని ఊకున్న. నా చెయ్యే కుదుర్త లేదనుకున్న."

అతను ఎవరికీ చెప్పుకోని మాట ఇంకొకటి ఉంది. నేను గేజ్‌లు దింపుకుంటుంటే సాయం పడుతూ చెప్పాడు. తనను ట్రాక్టర్ మీంచి దింపేసిన సంగతి ఇంట్లో తెలియదట. రోజూ అదే పని బట్టలు వేసుకుని వస్తున్నాడు. కూతురు స్కూల్లో పిల్లలకు తన నాన్న ఎంత పెద్ద ట్రాక్టర్ నడుపుతాడో చెప్పుకుంది. సెలవుల్లో వచ్చి ఎక్కి కూర్చుంటానంటోంది.

"రిపేర్ల ఉన్నదని చెప్పిన బిడ్డకు. నా బిడ్డ ముంగట అబద్ధం ఆడుడు ఇదే మొదలు." మళ్లీ వాషర్ ఆన్ చేశాడు. ఆ చప్పుడులో ఇంక మాట్లాడాల్సిన అవసరం ఉండదు కదా.

పీటర్, నేను ట్రాక్టర్‌ను వెనక చేనులోకి తీసుకెళ్లాం. అతన్ని నెమ్మదిగా నడపమని, నేను పక్కన నడిచాను. డ్రిల్ నేలకు ఆనగానే వెనక టైర్ల అడుగున ఉండే ఉబ్బు తగ్గింది. బరువు టైర్ల మీద నుంచి డ్రిల్ మీదికి పోతోందన్నమాట. డ్రిల్ వెనక మోకాళ్ల మీద కూర్చుని మట్టి తవ్వాను. విత్తనం ఉండాల్సిన దానికంటే రెండు వేళ్లు ఎక్కువ లోతున, అదిమేసిన మట్టి కింద ఉంది.

మామూలు ట్రాక్టర్లలో హిచ్ ఎత్తడమే చేస్తుంది. లివర్ పూర్తిగా కిందికి వదిలితే పనిముట్టు తన బరువుతో నేల మీద ఆని, ఎత్తుపల్లాల్ని బట్టి అదే లేస్తూ దిగుతూ వస్తుంది. దాన్నే ఫ్లోట్ అంటాం. ఈ ట్రాక్టర్‌లో హిచ్ కిందికి నొక్కగలదు కూడా. గట్టి నేలకు అది పనికొస్తుంది. ఎంత బలంగా నొక్కాలో స్క్రీన్ మీద పెట్టుకోవచ్చు. అది ఆన్‌లో ఉంటే లివర్ ఎంత కిందికి వదిలినా ఫ్లోట్ రాదు. మెత్తటి నల్లమట్టిలో అలా నొక్కితే విత్తనం పాతాళానికే.

క్యాబ్ ఎక్కి స్క్రీన్ చూశాను. డౌన్ ప్రెషర్, అంటే ఆ కిందికి నొక్కే అమరిక, ఆన్‌లో ఉంది. సెన్సర్లు, వాల్వులు అన్నీ పరీక్షించాను. ఏ లోపమూ లేదు.

"దీన్ని ఎవరు ఆన్ చేశారు?" అన్నాను.

పీటర్ స్క్రీన్ వైపు వంగి చూశాడు. తర్వాత టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. వేసవిలో కంకర దారి చదును చేయడానికి వెనక బ్లేడ్ తగిలించాడట. బ్లేడ్ దిగబడక నొక్కుడు పెట్టాడు. పని అయ్యాక బ్లేడ్ విప్పాడు కానీ సెట్టింగ్ తీయలేదు. ఆ తర్వాత ఆ సీట్లో కూర్చున్నది మల్లేశ్.

మెడ దాకా ఎర్రబడింది అతనికి. టోపీ అంచు తిప్పుతూ, "మల్లేశ్‌కు సెన్సర్ పోయిందని చెప్తారా? మీరు చెప్తే నమ్ముతాడు" అన్నాడు.

"సెన్సర్ బాగానే ఉంది పీటర్. లేని లోపం నేను చెప్పలేను. మీరు చెప్పేటప్పుడు పక్కన ఉంటాను."

యార్డ్‌లోకి వచ్చాక పీటర్ నేరుగా మల్లేశ్ దగ్గరికి నడిచాడు. "సెట్టింగ్‌లో చిన్న పొరపాటు జరిగింది" అని మొదలుపెట్టి, బ్లేడ్ గురించి, కంకర గురించి ఏదేదో చెప్పాడు. మల్లేశ్ అంతా విని తన ఇంగ్లీషులో ఒక్కటే అడిగాడు, సెట్టింగ్ ఎవరు పెట్టారని.

"నేను" అన్నాడు పీటర్. "తప్పు నాది. నిన్ను అనకూడని మాటలన్నాను."

మల్లేశ్ తల దించుకున్నాడు. "పర్లేదు సర్. నేను కూడా చూసుకోవాల్సింది" అన్నాడు.

నాకు ఎటు చూడాలో తెలియలేదు. క్షమాపణ అందుకునే మనిషి కూడా సిగ్గుపడుతున్నాడు. మల్లేశ్ కోపంగా అరిచి ఉన్నా పీటర్ మొహం అంతగా వాడిపోయేది కాదు. "వద్దు, అలా అనకు" అని మాత్రం అని, ఇంట్లోకి వెళ్లిపోయాడు.

మల్లేశ్‌ను క్యాబ్ ఎక్కించాను. డౌన్ ప్రెషర్ గుర్తు స్క్రీన్ మీద ఎక్కడుంటుందో, ఎలా తీయాలో చూపించాను. ఒకసారి ఆన్ చేశాడు, ఆఫ్ చేశాడు. డ్రిల్‌ను దించి చూశాడు. టైర్లు తమ ఉబ్బుతో అలాగే నిలిచాయి. ఇంజిన్ ఆపాడు.

"చేను సంగతి తేలింది చెల్లె. ఇంట్ల ఆడిన అబద్ధం సంగతి ఇయాల చెప్పాలె. చేను కరాబైందంటే రజిత ఏమనకపోవు. తనతోని చెప్పుకోలేదని బాధ పడ్తది."

 "చెప్పెయ్యి అన్నా, ఈ రోజే" అన్నాను.

వెనక చేనులో మిగతాది అతనే విత్తాడు. అది సమంగా మొలిచింది. రోడ్డు పక్క చేను మాత్రం కోత దాకా మాసికలతోనే ఉంది. ఎవరైనా అడిగితే అది తన పొరపాటేనని పీటరే చెప్పేవాడని తర్వాత విన్నాను. అయినా మల్లేశ్ వసంతంలో ఇంకో ఫార్మ్‌కు మారిపోయాడు. గొడవేమీ లేదు. "ఆయన నన్ను చూసినప్పుడల్లా మస్తు ఇబ్బంది పడ్తున్నడు, నాకు మనసొప్ప లేదు" అన్నాడు ఫోన్‌లో. పీటర్ ఇప్పటికీ నేను వెళ్తే టీ ఇస్తాడు. వేరే వైపు చూస్తూ మల్లేశ్ ఎలా ఉన్నాడని అడుగుతాడు.

అప్పటిదాకా నేను ఏ పొలానికి వెళ్లినా ముందు అడిగేది, యంత్రం ఎప్పటి నుంచి ఇలా ఉందని. ఇప్పుడు దాంతో పాటు ఇంకొకటి అడుగుతున్నాను. ఇది జరిగినందుకు ఎవరినైనా ఏమైనా అన్నారా అని. చాలామంది ఇబ్బందిగా నవ్వుతారు. కొందరు యార్డ్ వైపు చూస్తారు. అలా చూసినచోట, పని అయ్యాక నేను వెంటనే వ్యాన్ ఎక్కను, ముందు ఆ మాటలు పడ్డ మనిషి దగ్గరికి వెళ్తాను.