సత్యవతికి చేరని మాట

ఒక మాట నా దగ్గర ఉండిపోయింది. అది నాది కాదు. ఇంకొకరికి చేర్చమని నాకు అప్పగించిన మాట. చేర్చలేదు. ఏళ్ల తరబడి దాన్ని మోస్తూ తిరుగుతున్నాను. పాప నిద్రపోయింది, ఆయనా నిద్రపోయారు, వంటింటి దీపం కింద కూర్చుని మీకిది రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే చెప్పలేనేమో.

మేం బహ్రెయిన్‌లో, విమానాశ్రయం పక్కనున్న అరాద్‌లో ఉంటాం. విమానాలు మా డాబా మీదుగానే దిగుతాయి. ఆయన ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. నేను కాకినాడలో బీకాం చదివాను, ఇక్కడ ఒక ట్రావెల్ ఆఫీసులో మధ్యాహ్నం దాకా టైపు చేస్తాను. బహ్రెయిన్‌లో మనవాళ్లకు కులాలు రెండే: ఫ్యామిలీ, బాచిలర్. పెళ్లయి ముగ్గురు పిల్లలున్నా సరే, భార్యను తెచ్చుకునేంత జీతం లేకపోతే వాడు బాచిలరే. మేం ఫ్యామిలీ. కానీ ఆయన జీతం పెరగడం మానేసి చాలాకాలమైంది, అద్దె మాత్రం మానలేదు. నా ఉద్యోగం పోతే నేనూ పాపా ఊరికి, ఆయన ఎవరెవరితోనో కలిసి ఒక గదికి. అంతే దూరం.

నా ఉద్యోగం నిలిచిందంటే సత్యవతి వల్ల. ఆమెది రాజోలు వైపు పల్లె. పొద్దున మా పాపను చూసుకునేది. మధ్యాహ్నం మా వీధి చివరి విల్లాలో, డోనా అనే అమెరికా ఆవిడ ఇంట్లో పని. అది నేనే కుదిర్చాను. సత్యవతి కఫీల్, అంటే ఆమెకు వీసా ఇచ్చిన అరబ్బు, కాగితం మీదే యజమాని. పని ఆమే బయట వెతుక్కోవాలి, అతనికి ఏటా డబ్బు కట్టాలి. అలా బయట పనిచేయడం నేరం కాబట్టి, పోలీసుల చెకింగ్ అని తెలిస్తే దాక్కోవాలి. పాస్‌పోర్టు అతని దగ్గరే. ఊరెళ్లాలన్నా అతను దయతలచాలి.

డోనా ఇంటికి వెళ్లడమంటే నాకు భలే సరదా. ఆమెకూ సత్యవతికీ మధ్య మాటలు అందించేది నేనే. ఆ వంకన అన్నీ చూసేదాన్ని: మనిషంత ఫ్రిజ్జు, కుక్కకు వేరే అలమారు. అమెరికాలో అందరూ ఇలాగే ఉంటారా అని ఒకసారి అడిగేశాను. ఆమె నవ్వింది. వాళ్ల నాన్న టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడట. ఆ ఒక్క జీతంతో ఇల్లు, కారు, నలుగురు పిల్లల చదువు. ఫ్యాక్టరీ మూసేశారు. వాళ్లమ్మ ఊళ్లో పెద్దవాళ్ల ఇళ్లు తుడవడానికి వెళ్లింది. ఇప్పుడు తమ్ముడూ అతని భార్యా ఇద్దరూ పనిచేస్తున్నా ఇల్లు కొనలేకపోతున్నారట. "మధ్యలో ఉండేవాళ్లం. ఇప్పుడా మధ్యే లేకుండా పోతోంది. ఇక్కడ కాంట్రాక్టు ఉన్నంతకాలమే మా డాబు," అంది. నేను నోరు తెరుచుకుని విన్నాను. ఆ దేశంలో కూడానా? మనుషులు మెట్టు దిగేటప్పుడు చప్పుడవుతుందా, లేక ఓ పొద్దున చూసుకుంటే కింద ఉంటారా?

ఆ రోజే, వాళ్ల వంటింట్లోనే, డోనా ఆ మాట నాకు అప్పగించింది. సత్యవతిని తన ఇంట్లోనే ఉండమంటోంది. వీసా తమ పేరు మీదికి మార్పిస్తారు. పాస్‌పోర్టు సత్యవతి దగ్గరే ఉంటుంది. ఏటా ఊరికి టిక్కెట్టు. "మా అమ్మకు ఎవరూ ఇలా చెయ్యలేదు. ఆమెను అడుగు," అంది.

సత్యవతి ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తింది. "ఏటంటన్నారండి మేడంగారు? నా పేరు ఇనపడతంది."

నేనెంతసేపు ఆలోచించాను? ఆలోచించానా అసలు?

"ఏం లేదు. కర్టెన్లు ఉతకాలట."

"ఆయ్! దానికింత ఉపన్యాసమేటండి? ఇంగిలీసులో కర్టెన్లు బాగా పొడుగనుకుంటాను!"

ఆమె పగలబడి నవ్వింది. నేను డోనా వైపు తిరిగి, చాలా సంతోషమంటోంది కానీ మనవాళ్ల మధ్యే ఉంటానంటోంది అన్నాను. ఆ నవ్వు చూసి డోనా నమ్మింది.

సత్యవతి ఆ సాయంత్రమే కర్టెన్లన్నీ దించి ఉతికింది. తను చెప్పకుండానే ఎందుకు ఉతికిందని డోనా నన్ను అడిగింది. కృతజ్ఞత అని చెప్పాను. ఆ రెండో అబద్ధానికి తడబడను కూడా లేదు.

తర్వాత డోనా ఇంట్లోనే ఉండేలా ఒక శ్రీలంక అమ్మాయిని పెట్టుకుంది. మరుసటి వేసవిలో ఆ పిల్ల కొత్త సూట్‌కేసుతో ఊరికి బయల్దేరుతుంటే, సత్యవతి మా పాపను చంకనేసుకుని బాల్కనీలోంచి చెయ్యి ఊపింది. ఆ ఏడే సత్యవతి కూతురు పెద్దమనిషి అయింది. కఫీల్ పాస్‌పోర్టు ఇవ్వలేదు. పేరంటం ఫోటోలు వస్తే నాకు చూపించడానికి తెచ్చింది. "ఈ చీర నేనంపిందేనండి," అని వేలితో ఆ చీరను నిమిరింది. నేను బాగుందన్నాను.

డోనాకు వాళ్లమ్మలా అయిపోతానేమోనని భయం. ఆ భయంతో ఆమె ఒక చెయ్యి కిందికి చాచింది. నాకు సత్యవతిలా అయిపోతానేమోనని భయం. అదే భయంతో నేను ఆ చేతిని అడ్డుకున్నాను. ఒకే భయం ఇద్దరు మనుషుల్ని రెండు దారుల్లో ఎలా నడిపిస్తుంది? తిప్పితిప్పి చూస్తాను. నాకు పాప ఉంది అనుకుంటాను. సత్యవతికీ ఉందిగా అని వెంటనే గుర్తొస్తుంది.

డోనా వాళ్ల కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోయారు. పని దొరికేదాకా తమ్ముడింట్లో ఉంటామంది. సత్యవతి ఇంకా మా ఇంటికే వస్తోంది. ఆమె ఏమని ఉండేదో తెలుసుకోవాలని నాకు పిచ్చి కోరిక. ఒప్పుకునేదా? నిజంగానే మనవాళ్ల మధ్యే ఉంటాననేదా? అలా అని ఉంటే నా తప్పు తేలికవుతుందని ఆశ కూడా. మొన్న పాప బట్టలు మడతపెడుతుంటే, ఏదో మాటవరసకన్నట్టు అడిగాను. "సత్యవతీ, ఆ డోనా నిన్ను ఉండిపొమ్మంటే ఉండేదానివా?"

ఆమె తలెత్తలేదు. "అడిగితే గదండి తెలిసేది."

అడిగింది సత్యవతీ. వీసా మార్పిస్తానంది. నీ పాస్‌పోర్టు నీ దగ్గరే ఉంచుతానంది. ఏటా నీ కూతుర్ని చూసి రమ్మంది. నీకు చదవడం రాదని తెలిసే ఇక్కడ రాస్తున్నాను, ఆ పిరికితనం కూడా నాదే. కానీ డోనా చెప్పింది చెప్పినట్టుగా ఆ మాట మొదటిసారి నా లోపలి నుంచి బయటికి వచ్చింది.