బాల్డర్‌డాష్ అన్న రోజు

ఆ రోజుల్లో నా ఇంగ్లీషు అవసరానికి మించి ఉండేది. సింగపూర్‌కి ప్రోగ్రాములు రాయడానికి వచ్చిన మావాళ్ళంతా ఇంటర్వ్యూ పుస్తకాల్లోంచి ఇంగ్లీషు నేర్చుకుంటే, నేను తెనాలిలో మా తాతగారి దగ్గర నేర్చుకున్నాను. ఆయన దొరల కాలంనాటి తాలూకాఫీసు గుమాస్తా. ఎవరి మాట నచ్చకపోయినా ‘బాష్’ అనో, ‘ఫిడిల్‌స్టిక్స్’ అనో, మరీ ఒళ్ళు మండితే ‘బాల్డర్‌డాష్’ అనో కొట్టిపారేసేవారు. (నాయనమ్మ పులుసుని కూడా అనేవారు. ఆవిడ పొగడ్త అనుకుని ఇంకో గరిటె వడ్డించేది.) పెద్దమనుషుల భాష ఇదే కాబోలనుకుని మూడూ కంఠస్థం చేశాను.

చాంగీ బిజినెస్ పార్క్‌లో మా మేనేజర్‌కి మేం పెట్టుకున్న పేరు ‘నో ప్రాబ్లమ్’. ఏ తప్పు జరిగినా అది ఆయనది కాకుండా పోయేది. ఒక సోమవారం పొద్దున రిపోర్టుల్లో ఖాతాదార్ల పేర్లన్నీ తారుమారయ్యాయి. తప్పంతా భాయ్‌దేననీ, నెలాఖరుకి అతన్ని ఇండియా పంపేస్తున్నామనీ మీటింగులో మేనేజర్ చల్లగా చెప్పాడు. భాయ్ అంటే హౌగాంగ్ ఫ్లాట్‌లో నాతో గది పంచుకున్న, అందర్నీ ‘భాయ్’ అనే హైదరాబాదీ. పై వారమే అతని భార్య రావాలి. శుక్రవారం ఆ ప్రోగ్రాం మార్చింది మేనేజరే. నా పక్క కుర్చీలో కూర్చుని మార్చాడు.

నేను లేచి నిలబడ్డాను. భాయ్ నా చొక్కా పట్టి లాగాడు.

“కూర్చో భాయ్, నీ నౌకరీ కూడా పోతది.”

“బాల్డర్‌డాష్,” అన్నాను మేనేజర్ వైపు చూసి.

మేనేజర్ పెన్ను తీసి ఆ మాట రాసుకున్నాడు. తర్వాత గంభీరంగా, “బాల్డర్‌డాష్... విచ్ మాడ్యూల్ లా?” అని సింగపూర్ యాసలో అడిగాడు. అది ప్రోగ్రాంలో ఏదో భాగం పేరనుకున్నాడు.

దేవుడు దారి చూపించాడు. అవును, మాడ్యూలే అని తలూపి కూర్చుంటే సరిపోయేది. (ఒకాయన అప్పుడే కంప్యూటర్లో దానికోసం వెతుకుతున్నాడు.) కానీ అలా కూర్చుంటే భాయ్ మొహం మళ్ళీ చూడలేను.

“మాడ్యూల్ కాదు సార్. మీరు చెప్పింది పచ్చి అబద్ధమని అర్థం,” అన్నాను. ఎవరెప్పుడు ఏం మార్చారో కంప్యూటర్లో రాసి ఉంటుంది, తెరిపించండన్నాను. తెరిచారు. శుక్రవారం పక్కన ఆయన పేరే ఉంది.

భాయ్ ఉద్యోగం నిలిచింది. నన్ను మాత్రం క్షమాపణ రాసిమ్మన్నారు. ‘మాటని వెనక్కి తీసుకుంటున్నాను, అర్థాన్ని కాదు’ అని రాసిచ్చాను. రెండు నెలలకి నా కాంట్రాక్టు పొడిగించలేదు. కొత్త ఉద్యోగం దొరికేదాకా భాయ్ భార్య వండిపెట్టింది.

ఇప్పుడు నేనూ మేనేజర్నే. ఎవరైనా నా ఎదుటే అబద్ధమాడితే ‘ఇంట్రెస్టింగ్ పాయింట్’ అని నవ్వి, తర్వాతి విషయానికి వెళ్ళిపోతాను. బీపీ అదుపులోనే ఉంది. ఆ రోజు బాల్డర్‌డాష్ అన్న పాతికేళ్ళవాడు ఇప్పుడొచ్చి అడిగితే ఉద్యోగమిస్తానో లేదో చెప్పలేను. భోజనానికి మాత్రం తప్పకుండా తీసుకెళ్తాను. మాట్లాడ్డమంతా వాడికే వదిలేసి.