గంజి చేతులతో కణాల పరీక్ష

నా తెలివి మా ఇంటిని ఎట్ల ముంచిందో చెప్తాను, వినండి. నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను. నాకే అప్పుడప్పుడు వస్తాది.

మాది గుడియాత్తం, మగ్గాల ఇల్లు. మగ్గం గుంతలో కూర్చొని కూర్చొని నాయన కాళ్ళు వాచిపోయినాయి. నేను వేలూరు కాలేజీలో వృక్షశాస్త్రం గట్టెక్కితే అడవి ఆఫీసులో గుమాస్తా పని ఖాయం, నాయన గుంతలోంచి పైకి లేస్తాడు. ఇంట్లో అందరూ ఆ ఒక్క ఆశ మీదే బతుకుతా ఉండారు.

చదువైతే వచ్చు నాకు. చెట్టులో మెత్తటి కణాలుంటాయి, గోడలు పలుచన, కడుపులో పిండి దాచుకుంటాయి. మూలల్లో మందమెక్కి లేతకాడను విరగనీకుండా పట్టుకునేవి కొన్ని. నీళ్ళు మోసే గొట్టాలు కొన్ని. నార కణాలైతే చచ్చిపోయినాక కూడా చెట్టును నిలబెడతానే ఉంటాయి. అది చదివిన పొద్దు నాయన గుర్తొచ్చి నాకు అన్నం పోలేదు.

పరీక్షనాడు తెల్లారే వీధిలో మా పడుగు చాపినారు. గంజి పూసేది మొదలుపెడితే మధ్యలో ఆపేదానికి లేదు, పోగులు అంటుకొని పడుగంతా పాడైపోతాది. నాయన నిలబడలేక అరుగు మీద కూలబడినాడు. కుంచె నేను తీసుకున్నాను. ముగించి, చేతులు పంచెకు తుడుచుకొని, అట్లనే రైలుకు పరిగెత్తినాను. చేతులు కడుక్కోవాలని తోచిందా? అంత చదువుకున్నవాడికి ఎట్ల తోస్తాది చెప్పండి.

పరీక్షలో ఒక పచ్చికాడ ముక్క ఇచ్చి, దాంట్లో ఏయే కణాలుండాయో చెప్పమన్నారు. కత్తిని పంచెకు తుడిచి పలుచగా కోసినాను. అయోడిన్ చుక్క వేసినాను. పిండి ఉన్నచోట అది నల్లనీలం అవుతాది. సూక్ష్మదర్శినిలో చూస్తే గొట్టాలు లేవు, నార లేదు, ఈ చివర నుంచి ఆ చివరదాకా నీలమే. నా వేళ్ళ గంజి చెమటకు కరిగి దాంట్లో కలిసిందని తెలీలేదు. ఇంత పిండి దుంపలో తప్ప ఇంక యాడ ఉంటాది అని నిశ్చయించుకున్నాను.

మద్రాసు నుంచి వచ్చిన పరీక్షాధికారి నా పక్కన నిలబడినాడు.

"ఇదేందయ్యా?"

"దుంప సార్."

"పుల్ల మాదిరి, పచ్చగా ఉండే దుంపా?"

"మా పక్క అట్లనే ఉంటాది సార్."

ఆయన చాలాసేపు సూక్ష్మదర్శినిలో చూసినాడు. నా పంచె చూసినాడు. తర్వాత నా చెయ్యి పట్టుకొని బొటనవేలి మీద ఒక చుక్క అయోడిన్ వేసినాడు. వేలు నీలమైంది.

"అయితే నువ్వూ దుంపవే," అన్నాడు, నవ్వకుండా.

తప్పినాను. ఇంటికొచ్చి ఏడ్చుకుంటా అంతా చెప్పినాను. నాయన నా వేలిని అటూ ఇటూ తిప్పి చూసినాడు. "గంజి అంత బాగా పట్టిందా నాయనా? అయితే పోగు తెగదులే," అని, గోడ పట్టుకొని మళ్ళీ గుంతలోకి దిగినాడు. ఆ మాటకు నేను చచ్చిపోయినాను.

ఆ పొద్దే ప్రమాణం చేసినాను: ఈ జన్మలో మళ్ళీ పరీక్షకు పోయేముందు గంజి ముట్టను. ఇప్పటిదాకా మాట తప్పలేదు. పరీక్షకు నన్ను మళ్ళీ ఎవరూ పిలవలేదు. గంజి మాత్రం రోజూ ముడతా ఉండాను, నాయన కూర్చున్న గుంతలోనే.