మా బండికి అత్త కుట్టిన జాకెట్టు

నా చిన్నప్పుడు, వానాకాలం వచ్చిందంటే మా నాయిన ప్యాంటుకు వెనక ఎప్పుడూ ఒక తడి మచ్చ ఉండేది. ఆయన నడిపే పికప్ బండిలో డ్రైవర్ సీటు చిరిగి స్పంజి బయటపడింది. కిటికీలోంచి పడిన జల్లునంతా ఆ స్పంజి పీల్చుకుని దాచుకునేది. బయట ఎండ కాసినా లోపలి తడి నాలుగు రోజులకు గాని ఆరేది కాదు. పొద్దున్నే శామీర్‌పేట వైపు తోటల నుంచి కూరగాయలు ఎత్తుకుని, మార్కెట్లో దింపి, మేడ్చల్‌లో బండ్ల అడ్డాకు వచ్చి నాయిన కిందికి దిగగానే తోటి డ్రైవర్లు కాచుకుని ఉండేవారు.

"ఏం తమ్మీ, గియ్యాల గూడ తొవ్వల బాత్రూం దొరకలేదా?"

నాయిన నవ్వేసేవాడు గాని, ఇంటికి వచ్చాక ఆ ప్యాంటును తనే ఉతుక్కునేవాడు.

నాకప్పుడు పదకొండేళ్లు. ఆ వయసుకే నాకు జాబితాల పిచ్చి. బడి సంచిలో ఉండాల్సినవి, మా ఇంటి నుంచి బడి దాకా ఉన్న కరెంటు స్తంభాలు, అవ్వ వేసుకునే మాత్రల రంగులు, అన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో వరుస నంబర్లతో రాసుకునేవాణ్ణి. కాబట్టి ఆ దసరా సెలవుల్లో జరిగినదాన్ని ఇప్పుడు చెబుతుంటే నాకు పెద్దగా తడుముకోవాల్సిన పని లేదు. ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది.

మా మేనత్త, అంటే నాయినకు అక్క, మా గల్లీలోనే రెండిళ్ల అవతల ఉండేది. ఆమె భర్త, మా మామయ్య, దూలపల్లిలో సోఫాలు చేసే కార్ఖానాలో పనిచేసేవాడు. ఒకరోజు సాయంత్రం ఆయన భుజం మీద చాప చుట్టలాంటిది మోసుకొచ్చి మా వాకిట్లో పరిచాడు. ముదురు గోధుమ రంగు తోలు. ఒక అంచున రంగు కొంచెం వెలిసిందని కార్ఖానావాళ్లు పక్కన పెట్టేస్తే, అడిగి తెచ్చుకున్నాడట. రెండు సీట్లకు సరిగ్గా సరిపోతుంది, అంతకంటే ఒక్క జానెడు కూడా మిగలదు. మేడ్చల్‌లో సీటు కవర్ల దుకాణంలో ఇచ్చి కుట్టిద్దామన్నాడు నాయిన.

"దుకాణమెందుకు రా? నేను కుడత," అంది అత్త.

"అక్కా, గిది జాకెట్ గాదు."

"ఎరుకేరా. జాకెట్టయితే తెల్లారంగనే వచ్చి చేతులు బిగుతైనయని లొల్లి వెడతది. సీటు నోరు తెరువది గదా."

అత్త నేను పుట్టకముందు నుంచీ జాకెట్లు కుట్టేది. పెళ్లిళ్ల కాలంలో నిద్ర ఉండేది కాదు, మిగతా నెలల్లో మిషను మీద దుమ్ము పేరుకునేది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. అడ్డా ముందు నుంచి నడిచి వెళ్లేటప్పుడు, పట్టుచీరల దుకాణం అద్దంలోకి ఇతరులు చూసినట్టు, ఆమె ఆ పికప్‌ల లోపలికి తొంగి చూసేది. దాదాపు అన్నింటిలోనూ సీట్లు చిరిగే ఉన్నాయి. మా బండి సీట్లు బాగా కుదిరితే ఆ బండ్లన్నీ ఒక్కొక్కటిగా తన మిషను దగ్గరికి వస్తాయని, ఏడాది పొడుగునా చేతికి పని ఉంటుందని ఆమె ఆశ. కుదరకపోతే ఉన్న ఒక్క తోలూ పాడవుతుంది, పైగా అడ్డా అంతా ఏళ్ల తరబడి నవ్వుకుంటుంది.

నవ్వడం అప్పటికే మొదలైంది. అడ్డాకు పెద్ద, మేమంతా మీసాల కాక అని పిలిచే డ్రైవరు, అత్త అటుగా పోతుంటే అందరికీ వినపడేలా అన్నాడు.

"జాకెట్లు కుట్టేటామె బండికి జాకెట్ కుడతాందట! ఏం చెల్లె, హుక్కులు ముందర వెడ్తవా, ఎనక వెడ్తవా?"

"బండికి గాదన్నా, నీ మూతికి వెడ్త."

అడ్డా గొల్లుమంది. కాక కూడా మీసం తుడుచుకుంటూ నవ్వి, సోమవారం పొద్దున బండి తీసుకు రమ్మన్నాడు. "మంచిగొస్తె ముందుగాల నా బండే నీకిస్త. రాకుంటె మల్ల గీ అడ్డా దిక్కు సూడొద్దు." ఆయన ఇస్తే మిగతావాళ్లూ ఇస్తారు. ఆ సంగతి అత్తకూ తెలుసు, కాకకూ తెలుసు.

శుక్రవారం పని మొదలైంది. నన్ను అత్త 'ఇంజినీరు సాబ్' అని పిలిచి, కొలతలు రాసే పని అప్పగించింది. కొత్త జాకెట్టు కుట్టించుకునేవాళ్లు ఆదికి పాత జాకెట్టు తెచ్చి ఇస్తారు కదా, అలాగే సీటు పాత కవరు కుట్లను బ్లేడుతో విప్పి, ముక్కలను పేపర్ల మీద పరిచి చుట్టూ గీత గీసింది. నాయిన బరువుకు పాత కవరు సాగి ఉంటుందని, మళ్లీ స్పంజిని కూడా విడిగా కొలిపించింది. నా నోటుబుక్కులో పద్నాలుగు కొలతలు ఎక్కాయి. తోలు కత్తిరించేటప్పుడు మాత్రం గీత మీద కాకుండా చుట్టూ అంగుళం ఎక్కువ వదిలింది. తోలు దండగ చేస్తున్నావని నాయిన గొణిగాడు. జాకెట్టు లోపల నాలుగు వేళ్ల బట్ట వదలకుండా ఇంతవరకూ ఏదీ కత్తిరించలేదని, మనుషులు లావెక్కుతారని, కోసే చెయ్యి కూడా ఒక్కోసారి మాట వినదని అత్త జవాబిచ్చింది.

శనివారం కుట్టడం మొదలుపెట్టాలి. ముందు డ్రైవర్ సీటు వీపు భాగం. తోలు కింద పలచటి స్పంజి పొర ఒకటి వేసి రెండింటినీ కలిపి కుట్టాలని అత్త అనుకుంది. అంతలో పెళ్లికూతురి కొలతలు తీసుకోవాలని ఎవరో కబురు పెట్టారు. గంటలో వస్తాను, ఆ రెంటినీ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పరిచి ఉంచమని చెప్పి వెళ్లింది.

పరిచాను. స్పంజి జరిగింది. మళ్లీ పరిచాను, మళ్లీ జరిగింది. జాకెట్టుకు లైనింగు జరగకుండా అత్త ఏం చేస్తుందో నాకు తెలుసు. ఆమె గుండుసూదుల డబ్బా తెచ్చాను. తోలు ముఖం మీద సుద్దతో నిలువుగా రెండు గీతలు గీశాను. స్కేలు పెట్టి ఒక్కో గీత మీద అంగుళానికొక సూది గుచ్చాను. గీతకు పంతొమ్మిది, మొత్తం ముప్ఫై ఎనిమిది. గుచ్చడం అయ్యాక దూరం జరిగి చూసుకున్నాను. పరేడ్‌లో నిలబడ్డట్టు మెరుస్తున్నాయి. నా బతుకులో అంతకు ముందు అంత అందమైన పని చెయ్యలేదనిపించింది.

అత్త వచ్చింది. చెప్పులు విప్పకుండానే ఆగిపోయింది. తర్వాత మెల్లగా కూర్చుని ఒక సూది తీసి, ఆ చోటును బొటనవేలి గోటితో రుద్దింది. బట్టయితే అలా రుద్దితే దారాలు దగ్గరికి జరిగి రంధ్రం మూసుకుంటుంది. తోలు మూసుకోలేదు. ఇంకొక సూది తీసి రుద్దింది. అదీ అంతే. అప్పుడు నాకు అర్థమైంది. తోలు ఇంకొకటి లేదు. సోమవారం అడ్డాలో కాక నవ్వే నవ్వు నాకు అప్పుడే వినపడింది. చెవులు కాలిపోతున్నాయి. దెబ్బ ఏ చెంప మీద పడుతుందా అని చూస్తూ నిలబడ్డాను.

"దూరం ఎంతెంత వెట్టినవ్?" అని అడిగింది అత్త.

నాకు ప్రశ్న ఎక్కలేదు. ఆమె మళ్లీ అడిగింది.

"అంగుళం."

"అన్నీ?"

"అన్నీ. స్కేలు వెట్టిన."

స్కేలు తెమ్మంది. రెండు వరుసలూ పైనుంచి కిందిదాకా కొలిచింది. రెండింటి మధ్య ఎడం కొలిచింది, అటూ ఇటూ అంచుల దాకా కొలిచింది. ఆ తర్వాత నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వింది.

"అల్లుడా, నువ్వు వంకర టింకర పొడిసి ఉంటె, నిన్ను గూడ గీ సీట్లనే వెట్టి కుడుతుంటి!"

నేను ఏడ్చేశాను. ఆమె కొంగుతో నా ముఖం తుడుస్తూ, నేను గుచ్చకపోయి ఉంటే మరో గంటలో తనే గుచ్చేదాన్నని చెప్పింది. ఇన్నేళ్లలో గుండుసూది లేకుండా ఏదీ కుట్టలేదట. తను ఎక్కడపడితే అక్కడ గుచ్చేదట, స్కేలు పెట్టేది కాదట. ఓదార్చడానికి అంటోందని అప్పుడు అనుకున్నాను. కాదు, అది నిజం. ఆమె జాకెట్లకు స్కేలు లేకుండా తోచినచోటల్లా సూదులు పెట్టడం నేను ఆ తర్వాత ఎన్నోసార్లు గమనించాను.

చిన్నపిల్లల ఫ్రాకుల మీద నిలువుగా సన్నటి మడతలు వేసి కుడతారు చూడండి, అత్త ఆలోచన అది. సూది రంధ్రాల వరుస మడత కిందికి పోయేలా తోలును మడిచి పైనుంచి కుట్టేస్తే, కనపడేది మడత మాత్రమే. అయితే ఒక్కో మడత అర అంగుళం తోలు తింటుంది. మరి వెడల్పు చాలుతుందా? ఆ లెక్క నన్ను చెయ్యమంది. రెండు మడతలకు అంగుళం పోతుంది. పక్కకొక అంగుళం చొప్పున అత్త వదిలిన తోలు ఉంది. మడతలకు పోగా పక్కకొక అర అంగుళం మిగులుతుంది, కుట్టుకు అది చాలు. నోటుబుక్కులో రెండుసార్లు చేసి చూసి చెప్పాను. ఆమె మళ్లీ లెక్క చూడలేదు. నా మాట మీదే మడిచింది.

మడత జరగకుండా పట్టి ఉంచడానికి ఇక సూదులు పనికిరావు. "ఉరుకు, దండెం మీది క్లిప్పులన్నీ పట్టుకరా," అంది. పట్టుకొచ్చాను. వాటితో పాటే మా ఇంటి తడిబట్టలన్నీ మట్టిలో పడ్డాయి. అవ్వ చీపురు పట్టుకుని గల్లీ దాకా వచ్చి, "బండికి జాకెట్ తొడిగి ఇంటోళ్లను బరిబత్తల జేస్తరా!" అని అరిచింది. అత్త ఆ అరుపులకు తలెత్తలేదు. ముందు కత్తిరించగా మిగిలిన చిన్న పీలిక మీద మడత వేసి కుట్టి చూసింది. మిషను పాదానికి తోలు అంటుకుపోతుంటే పౌడరు చల్లింది. లావుపాటి సూది వేసింది. పెడల్ తొక్కకుండా నన్ను చక్రం చేత్తో తిప్పమంది, ఒక్కో కుట్టుకు ఒక్కో చుట్టు.

తోలు మీద కుట్టు కూడా గుండుసూది లాంటిదే, తప్పు పడితే విప్పినా గుర్తు పోదు. అందుకని ఆ రోజు ప్రతి పనికీ ముందు అత్త ఆగి నన్ను అడిగేది: "గిది విప్పొచ్చునా, విప్పరాదా?" క్లిప్పు పెడుతుంటే "విప్పొచ్చు" అనేవాణ్ణి, ఆమె చకచకా పెట్టేసేది. కుట్టు మొదలవుతుంటే "విప్పరాదు" అనేవాణ్ణి, ఆమె ఊపిరి బిగబట్టేది. నేనూ బిగబట్టేవాణ్ణి. సాయంత్రానికి రెండు మడతలూ పూర్తయ్యాయి. వేలితో తడిమితే తగిలేవి, కంటికి మాత్రం ఎక్కడా ఒక్క రంధ్రం కనపడలేదు. పక్క సీటు వీపుకు కూడా అవే రెండు మడతలు వేశాం. ఈసారి కావాలని.

ఆదివారం మధ్యాహ్నం నాయిన నట్లు విప్పి సీట్లు వాకిట్లోకి దించాడు. కుట్టిన కవర్లను గంటసేపు రేకుల మీద ఎండలో పెట్టించింది అత్త, మెత్తబడతాయని. స్పంజికి పెద్ద పాలిథిన్ సంచి తొడిగి దాని మీదుగా కవరు లాగితే జారుతూ దిగింది. చివర్లో సంచిని కిందినుంచి లాగేశాం. నాయిన మోకాలితో అదుముతుంటే, అత్త అంచులను లాగి పట్టుకుంటే, అడుగున కమ్మీకి నేను హుక్కులు తగిలించాను. అంతా అయ్యాక ఒక హుక్కు మిగిలింది. అది ఎక్కడిదో నాకు ఈరోజుకీ తెలియదు.

సోమవారం పొద్దున అత్త చర్చికి కట్టుకునే చీర కట్టుకుని పక్క సీట్లో కూర్చుంది. మధ్యలో నేను. అడ్డాలో బండి ఆపి నాయిన దిగగానే డ్రైవర్లంతా చుట్టూ చేరారు. మీసాల కాక తలుపు తీసి, సీటును తట్టి, నొక్కి, ఎక్కి కూర్చుని, వెనక్కి వాలి, దిగి, మళ్లీ ఎక్కాడు. ఒళ్లో అత్త వేళ్లు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. కాక వీపు భాగం మీద మడతలను వేలితో పైనుంచి కిందికి తడిమాడు.

"గీ గీతలేంది చెల్లె?"

నేను కళ్లు మూసుకున్నాను.

"అవి మా అల్లుని డిజైన్ అన్నా."

కాక నా వైపు చూశాడు, సీటు వైపు చూశాడు. "నా బండికి గూడ గవే గావాలె. రెండు గాదు, మూడు వెట్టుండ్రి."

అత్త అంత గట్టిగా నవ్వడం నేను మళ్లీ వినలేదు. ఆ తర్వాత ఆమె మిషను మీద దుమ్ము పేరుకోవడమూ చూడలేదు. కాక బండి దీపావళిలోపే వచ్చింది, మూడు మడతలతో వెళ్లింది. సెలవులు వచ్చినప్పుడల్లా చక్రం తిప్పే పని నాదే.

ఇప్పుడు నేను ఒక కార్ఖానాలో యంత్రాల భాగాలు గీసే ఉద్యోగంలో ఉన్నాను. ఏ పనికైనా జాబితా రాసేటప్పుడు కాగితం మధ్యలో నిలువు గీత కొడతాను. వెనక్కి తీసుకోగలిగేవి ఎడమ పక్క, తీసుకోలేనివి కుడి పక్క. ఎంత చూసుకున్నా ఏడాదికి ఒకటో రెండో తప్పులు కుడి పక్కనే పడతాయి. అలా పడినప్పుడు పదకొండేళ్ల నాటి ఆ వేడి చెవుల దాకా వస్తుంది. కానీ నేను చేసే మొదటి పని స్కేలు తియ్యడం. ఎంత పోయింది, ఎంత మిగిలింది, పోయినది ఏ వరుసలో పోయింది అని కొలుస్తాను. భయపడటం తర్వాత చూసుకోవచ్చులే అనుకుంటాను. కొలిచేసరికి చేతులకు ఇంకో పని దొరికి ఉంటుంది, భయపడటానికి తీరిక ఉండదు.