నేనే అంపిన

1951. వికారాబాదు కోర్టులో నేను ట్రాన్స్‌లేటర్‌ని. జనం తెలుగులో చెప్పింది జడ్జిగారికి ఉర్దూలో వినిపించాలి. పై కోర్టుకు పోయే కాగితాల కట్టను, అంటే పేపర్‌బుక్‌ను, ఇంగ్లీషులోకి మార్చాలి. ఈ పనిలో నన్ను మించినవాడు లేడని నాకు మహా పొగరు.

అప్పట్లో ఊళ్లు దొరల వైపు, వాళ్లను ఎదిరించే సంఘం వైపు రెండుగా చీలిపోయాయి. తాండూరు బండల గనిలో కూలి సాయన్న సంఘం మనిషి. గని గుమాస్తా మల్లయ్య దొర మనిషి. ఒక సాయంత్రం మల్లయ్య మాట్లాడటానికి సాయన్న ఇంటికి వచ్చాడు. తెల్లారి గని గుంతలో శవమై దొరికాడు. "పొద్దు గూకకముందే మల్లయ్యను నేనే చంపాను" అని, మేజిస్ట్రేటు దగ్గర తెలుగులో రాసుకున్న సాయన్న వాంగ్మూలాన్ని నేను ఉర్దూలోకి మార్చాను. ఆ ఒక్క మాట మీద ఉరిశిక్ష పడింది. హైకోర్టూ ఖాయం చేసింది.

కేసు సుప్రీంకోర్టుకు పోయింది. కోర్టు ముందు చాయ్ హోటల్లో ఒకాయన "ఢిల్లీ కోర్టు దొరలదే" అంటే, ఇంకొకాయన "కాదు, సంఘపోళ్లను ఇడిసిపెడ్తది సూడు" అనేవాడు. వచ్చిన ఉత్తర్వులో ఆ రెండూ లేవు. ఆ మనిషి తన భాషలో ఏమన్నాడో అసలు కాగితం చూసి మళ్లీ రాసి పంపమన్నారు. నా తర్జుమాకే వంక పెడతారా అని ఒళ్లు మండింది.

ఆ రోజే సాయన్న భార్య ఎల్లమ్మ వచ్చింది.

"సారూ, మా ఆయన ఏమన్నడని రాసిన్రు? జర సదివి చెప్పున్రి."

కసురుకుంటూనే అసలు కాగితం తీశాను. "పొద్దు గూకకముందే మల్లయ్యను నేనే అంపిన..."

ఆ చివరి మాట మీద వేలు పెట్టి మళ్లీ చదివాను.

"అవ్ సారూ, బువ్వ పెట్టి అంపిండు. గదేం తప్పు?" అంది ఎల్లమ్మ.

అంపడమంటే సాగనంపడం. అక్కను అత్తగారింటికి పంపిన ప్రతిసారీ మా అమ్మ నోట విన్న మాటే. రాసినవాడు 'స' మరిచాడనుకుని, 'సంపిన', అంటే చంపాను, అని నేనే చదువుకున్నాను. సంఘం మనిషి కాబట్టి చంపే ఉంటాడని నా మనసులో తీర్పు ముందే అయిపోయింది! తెలుగు రాని జడ్జీలు అంత దూరం నుంచి అడిగిన ప్రశ్న, తెలుగువాణ్నై ఉండి నేను అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

తప్పు నాదేనని రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందనుకుంటే మందలింపుతో సరిపోయింది. సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది.

విడుదలైన సాయన్న, ఎల్లమ్మతో కలిసి నా దగ్గరికి వచ్చాడు. "ఢిల్లీకి మంచిగ రాసిన్రట సారూ."

"మొదట తప్పు రాసిందీ నేనే సాయన్నా."

భుజం మీది మూట సర్దుకున్నాడు. క్షమించానని అనలేదు.

"రైలుకు యాల్లయితాంది," అన్నాడు. "ఇగ మమ్ముల అంపున్రి."

స్టేషను దాకా నడిచి వాళ్లను నేనే అంపాను. ఆ తర్వాత ఉద్యోగమున్నన్నాళ్లూ, నాకు గిట్టని మనిషి మాటను రెండుసార్లు చదవకుండా మార్చలేదు.